మురిగిన లైసెన్సులకు మళ్లీ ప్రాణం

డాక్టరో నర్సో రిటైరయ్యాక ఫీజు కట్టడం మానేస్తారు. రెన్యువల్ గడువు దాటిపోతుంది, రిజిస్టరులో పేరు చెల్లకుండా పోతుంది. నలభై ఏళ్లు నేర్చిన విద్య చేతిలోనే ఉన్నా, చికిత్స చేసే హక్కు మాత్రం మురిగిపోతుంది. మామూలు రోజుల్లో ఈ కట్టడి న్యాయమే, రోగి క్షేమానికి అది రక్ష. మహమ్మారి విరుచుకుపడి వార్డులు నిండిపోయి, ఉన్న సిబ్బందే మంచం పట్టినప్పుడు మాత్రం ప్రభుత్వాలకు ఆ పాత పేర్లు గుర్తుకొస్తాయి. వాటికి తాత్కాలికంగా ప్రాణం పోసిన వందేళ్ల చరిత్రను తిరగేస్తే ఒక సంగతి తేటపడుతుంది. లైసెన్సు తిరిగి ఇవ్వడం ఒక్క సంతకంతో అయ్యే పని. ఆ లైసెన్సు పట్టుకున్న మనిషి రోగి మంచం దాకా చేరాలంటే మాత్రం ఏళ్ల ముందు నుంచే ఏర్పాటు ఉండాలి.

1918లో ఇన్‌ఫ్లుయెంజా అమెరికాను చుట్టుముట్టేనాటికి ఆ దేశపు డాక్టర్లు, నర్సులు వేల సంఖ్యలో యుద్ధరంగంలో ఉన్నారు. సర్జన్ జనరల్ రూపర్ట్ బ్లూ చేతికి అప్పుడు అందివచ్చింది ఓ జాబితా. వయసు మీరో, ఆరోగ్యం సరిగా లేకో సైన్యానికి పనికిరాని డాక్టర్ల పేర్లను వాలంటీర్ మెడికల్ సర్వీస్ కోర్ అంతకుముందే యుద్ధ అవసరాల కోసం నమోదు చేసి ఉంచింది. ఫ్లూ పోరుకు ఆ జాబితాలోంచే డాక్టర్లను తీసుకున్నారు. పెళ్లయ్యాక వృత్తి మానేసిన నర్సుల కోసం రెడ్‌క్రాస్ ఊరూరా విజ్ఞప్తి చేసింది. ఫిలడెల్ఫియాలో వైద్య విద్యార్థులు సైతం వార్డుల బాధ్యత మోశారు. చేతిలో జాబితా ఉంటే ఎంత మేలో ఆనాడే రుజువైంది.

ఆ పాఠం తర్వాత మరుగున పడింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు సాయం చేస్తామంటూ వైద్య సిబ్బంది ఎందరో పరుగెత్తుకొచ్చారు. ఎవరు నిజమైన డాక్టరో, ఎవరి లైసెన్సు చెల్లుతుందో అప్పటికప్పుడు తేల్చే మార్గం లేకపోయింది. అందుకే 2002లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం, వలంటీర్ల అర్హతలను ముందే సరిచూసి నమోదు చేసే వ్యవస్థను ఏర్పాటు చేయమంది. 2005లో కత్రినా తుఫాను వచ్చేసరికి పొరుగు రాష్ట్రాల డాక్టర్లకు మళ్లీ లైసెన్సు నిబంధనలే అడ్డుపడ్డాయి. దాంతో రాష్ట్రాలన్నీ ఒకే పద్ధతి పాటించేలా నమూనా చట్టం రాశారు. బ్రిటన్ 2008లోనే తన వైద్య చట్టంలో ఓ సెక్షన్ చేర్చింది. అత్యవసర పరిస్థితి వచ్చిందని ఆరోగ్యమంత్రి తెలియజేస్తే చాలు, జనరల్ మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వవచ్చు. ఆ సెక్షన్ పన్నెండేళ్లు పుస్తకంలోనే ఉండి, 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు అక్కరకొచ్చింది.

బ్రిటన్ కౌన్సిల్ దరఖాస్తుల కోసం కాచుకు కూర్చోలేదు. గత మూడేళ్లలో రిజిస్టరు వదిలిన, మచ్చలేని 11 వేల మందికి పైగా డాక్టర్లకు తనంత తానే ఒక్కసారిగా రిజిస్ట్రేషన్ ఇచ్చేసింది. ఫీజు లేదు, వద్దనుకున్నవారు తప్పుకోవచ్చు. నర్సుల కోసం 2020 మార్చి 25న ఆమోదం పొందిన కరోనావైరస్ చట్టం దారి తెరిచింది, రెండు రోజుల్లో తాత్కాలిక రిజిస్టరు మొదలైంది. 1960, 70ల నుంచి ఆంధ్ర వైద్య కళాశాలల్లో చదివి బ్రిటన్ వెళ్లి స్థిరపడిన మన డాక్టర్లెందరో అక్కడి ప్రభుత్వ వైద్యసేవలోనే పదవీవిరమణ చేశారు కాబట్టి, ఇది మనవాళ్ల కథ కూడా. ఐర్లాండ్ అప్పటి ప్రధాని లియో వరాడ్కర్ స్వతహాగా డాక్టరు. 2013లో రిజిస్టరు నుంచి తప్పుకున్న ఆయన 2020 మార్చిలో మళ్లీ పేరు నమోదు చేయించుకుని, వారానికో షిఫ్టు ఫోన్లో రోగులతో మాట్లాడే పని చేశారు. న్యూయార్క్ గవర్నరు పిలుపునిస్తే కొద్ది రోజుల్లోనే 80 వేల మందికి పైగా ముందుకొచ్చారు. వారిలో రిటైరైనవారు ఎందరో ఉన్నారు.

చేతులెత్తినవారికీ, చేతినిండా పని దొరికినవారికీ మధ్య మాత్రం పెద్ద అగాధం మిగిలింది. బ్రిటన్‌లోనూ ఐర్లాండ్‌లోనూ పేరిచ్చినవారిలో చాలామందికి డ్యూటీయే పడలేదు. 2021 జనవరిలో టీకాలు వేయడానికి సిద్ధపడ్డ బ్రిటన్ రిటైర్డ్ డాక్టర్లను దాదాపు ఇరవై పత్రాలు అడిగారు. జీవితమంతా సూది పట్టిన మనిషి అగ్నిమాపక శిక్షణకు, ఉగ్రవాద నివారణ శిక్షణకు కూడా సర్టిఫికెట్లు చూపాలట! పార్లమెంటులో నిలదీస్తే ఆరోగ్యమంత్రి ఆ షరతులను ఎత్తేశారు. అదే నెలలో అమెరికా కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పద్ధతి ఎంతో మెరుగు. గత అయిదేళ్లలో లైసెన్సు చెల్లుబాటులో ఉండి, ఆ తర్వాత గడువు తీరిన డాక్టర్లు, నర్సులు టీకాలు వేయవచ్చు. మంచి నడవడి ఉండాలి, నిర్ణీత శిక్షణ పొందాలి, పనిచేస్తున్న నిపుణుల ఎదుట కొంతసేపు చేసి చూపాలి. ఆ పనికి ఏది అవసరమో అంతే అడిగారు.

మరో చేదు నిజాన్ని దాటవేయలేం. తిరిగి వచ్చినవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు, కరోనా కాటుకు తేలిగ్గా లొంగేవారు. విధుల్లోకి తిరిగి వచ్చి వైరస్ సోకి ప్రాణాలు వదిలిన వయోవృద్ధ వైద్యులు ఇటలీలోనూ ఉన్నారు, బ్రిటన్‌లోనూ ఉన్నారు. వారిని కోవిడ్ వార్డులోకి పంపక, ఫోన్ సంప్రదింపులకో, మామూలు ఓపీకో వాడుకుంటే పడుచు డాక్టర్లకు వెసులుబాటు దొరుకుతుంది, పెద్దవారి ప్రాణానికీ భద్రత ఉంటుంది.

మన దేశంలో పిలుపు ఎక్కువగా విజ్ఞప్తుల రూపంలో, కాంట్రాక్టు నియామకాల రూపంలో సాగింది. 2020 మార్చి చివర కేంద్రం రిటైర్డ్ డాక్టర్లను స్వచ్ఛంద సేవకు రమ్మంది. అదే మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇంట్లోంచే వైద్యం చేసే వీలు కల్పించాయి. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్‌లో 14410 నంబరుతో టెలిమెడిసిన్ ప్రారంభించింది. కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమాలో రిటైరైనవారినీ వలంటీర్లనూ చేర్చడం మెచ్చుకోదగ్గ పని. రెండో ఉధృతిలో, 2021 మేలో, గత కొద్ది సంవత్సరాల్లో సైనిక వైద్య సేవల నుంచి వైదొలగిన 400 మంది డాక్టర్లను 11 నెలల కాంట్రాక్టుపై తీసుకునేందుకు రక్షణ శాఖ అనుమతించింది. ఇవన్నీ మంచి పనులే, అయితే అన్నీ మంటలు లేచాక తవ్విన బావులే.

రెండు తెలుగు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ల దగ్గర ప్రతి డాక్టరు పేరూ ఉంది, రెన్యువల్ లెక్కా ఉంది. పదవీవిరమణ చేసేవారిని "అవసరమైతే పిలవమంటారా?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఒప్పుకున్నవారితో రిజర్వు జాబితా తయారుచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నర్సింగ్, ఫార్మసీ, పారామెడికల్ కౌన్సిళ్లూ ఆ పని చేయవచ్చు. ఆ జాబితాకు ఏటా ఓ పూట శిక్షణ, జిల్లాల వారీగా డ్యూటీ పట్టిక, వయసును బట్టి పని విభజన, బీమా హామీ జతచేయాలి. క్రమశిక్షణ చర్యకు గురైనవారిని పక్కన పెట్టాలి. అత్యవసర స్థితి ముగిసిన రోజే తాత్కాలిక లైసెన్సు కూడా ముగిసేలా నిబంధన రాయాలి. మహమ్మారి లేని ఈ రోజుల్లోనే ఆ పని మొదలుపెట్టమని కౌన్సిళ్లకు మనవి. రిటైరైన డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఒక్క విన్నపం: ఆ ప్రశ్న మీ ముందుకొచ్చిన రోజున, దయచేసి అవునని చెప్పండి.