పాటకు కూలి ఎవరిచ్చారు?

తెలుగువాళ్ల సంగీత చరిత్ర రాసినవాళ్లు ముందు పోషకుల పేర్లే చెప్తారు. తంజావూరు నాయక రాజులు, మరాఠా రాజులు, విజయనగరం జమీందార్లు, గద్వాల సంస్థానం. ఏ ప్రభువు ఏ విద్వాంసుణ్ణి ఆదరించాడో వివరంగా దొరుకుతుంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టడం, ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు కావడం చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఉండాల్సిందే. కానీ అదే కాలంలోనూ, అంతకు ముందు ఎన్నో తరాలుగానూ, సెంటు భూమి లేని మాదిగ కుటుంబాలు తమ పాటగాళ్లను తామే పోషించుకున్నాయి. ఆ పోషణ ఈ పుస్తకాల్లో కనపడదు. రాజు ఇస్తే 'ఆదరణ' అయింది, మాదిగ ఇస్తే 'అడుక్కోవడం' అయింది.

ఇప్పుడు పట్నాల్లో 'ఇండిపెండెంట్ మ్యూజిక్' అనే మాట బాగా వినపడుతున్నది. సినిమా కంపెనీ మీద, పెద్ద రికార్డు కంపెనీ మీద ఆధారపడకుండా సొంతంగా పాట కట్టి, సొంతంగా పాడి, సొంతంగా జనంలోకి తీసుకుపోవడం అని దాని అర్థం. కొత్త గాయకుల్ని వెతకాలి, స్థానిక సంగీతాన్ని నిలబెట్టాలి అని చదువుకున్న యువకులు మాట్లాడుకుంటున్నారు. మంచిదే. అయితే ఈ పని కొత్తగా పుట్టిందేమీ కాదు. వెలివాడలు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నాయి. ఎట్లా చేశాయో, ఎక్కడ దెబ్బతిన్నాయో తెలుసుకోకుండా ఇవాళ 'సపోర్టు' గురించి మాట్లాడితే, పాత వెట్టినే కొత్త పేరుతో నడిపించే ప్రమాదం ఉంది.

వాడ పోషించిన కళ

తెలంగాణలో మాదిగలకు ఆశ్రిత కులాలున్నాయి. చిందు, డక్కలి, మాష్టి అట్లాంటివి. చిందువాళ్లు యక్షగానం ఆడతారు. డక్కలివాళ్లు పటం విప్పి, బొమ్మ చూపించి, జాంబపురాణం చెప్తారు. మాదిగల మూలపురుషుడు జాంబవంతుడు, లోకం పుట్టక ముందే పుట్టినవాడు అని ఆ పురాణం సారం. ఊరు మనిషిగా చూడని కులానికి నువ్వే మొదటివాడివని చెప్పే కథ అది. మాదిగ తన కడుపు కట్టుకుని ఆ కథకుణ్ణి ఎందుకు పోషించాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. బ్రాహ్మణ పురాణం తనకివ్వని చరిత్రను అతను గింజలిచ్చి నిలబెట్టుకున్నాడు.

ఈ పోషణకు ఒక పద్ధతుంది. ఆడే కుటుంబానికి కొన్ని ఊళ్లు మిరాశీగా ఉంటాయి. ఆ ఊళ్లో ఆడే హక్కు, అక్కడి మాదిగ ఇళ్ల నుంచి 'త్యాగం' తీసుకునే హక్కు వాళ్లదే. అన్నదమ్ములు వేరుపడితే పొలాలు పంచుకున్నట్టు ఊళ్లు పంచుకుంటారు. త్యాగం దయతలచి వేసే బిచ్చం కాదు, అడిగి తీసుకునే హక్కు. ఇంతకన్నా గట్టి 'స్థానిక సంగీత వ్యవస్థ'ను ఏ సభా, ఏ అకాడమీ కట్టలేదు.

ఇంకో సంగతి. కూచిపూడి భాగవతంలో బ్రాహ్మణ పురుషులే ఆడవేషం కట్టే రోజుల్లోనే చిందు భాగవతంలో ఆడవాళ్లు రంగమెక్కారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఆడవేషమే కాదు, మగవేషమూ కట్టి మెప్పించింది. 2005లో ఆమె చనిపోయింది. రంగస్థలం మీద తెలుగు స్త్రీ గురించి మాట్లాడేవాళ్లు ఎల్లమ్మ దగ్గర్నుంచి కాకుండా ఇంకెక్కడినుంచో మొదలుపెడితే ఆ చరిత్ర కులం కళ్లద్దాలతో చూసిన చరిత్రే.

అట్లాగని ఈ వ్యవస్థను అద్దంలో పెట్టి పూజించనక్కర్లేదు. డక్కలివాణ్ణి పోషించిన మాదిగే అతన్ని అంటరానివాడిగా దూరం పెట్టాడు. తనమీద పడ్డ నిచ్చెనను తన కిందివాడి మీద దించాడు. పాట విన్నాడు గానీ పాడినవాణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు. పోషణలో ఎంత ఆత్మగౌరవం ఉందో అంత కులమూ ఉంది. ఈ రెండూ కలిపి చెప్పకపోతే మనం చెప్పేది కూడా సగం చరిత్రే అవుతుంది.

డప్పు: కళా, వెట్టా?

డప్పు విషయంలో ఈ చిక్కు ఇంకా గట్టిది. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించి, మంట మీద కాచి, ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెనపుల్ల పట్టి కొడతారు. చావుకొక దెబ్బ, పెళ్లికొక దెబ్బ, జాతరకొక దెబ్బ. ఇది చిన్న విద్య కాదు. చిన్నప్పట్నుంచి చెవిలో పడితేగానీ చేతికి రాదు. కానీ ఊరు దీన్ని విద్య అనలేదు. మాదిగ బాధ్యత అన్నది. దొర కబురు చాటాలంటే డప్పు, పెద్దకులం శవం లేవాలంటే డప్పు. కూలి అడిగితే కల్లంలో నాలుగు గింజలు. కొట్టనంటే సాంఘిక బహిష్కరణ.

అందుకే డప్పు మానేయాలన్నవాళ్లూ మనలోనే ఉన్నారు. కులం అంటగట్టిన నీచపు పనుల్ని వదిలేయాలన్న అంబేద్కర్ బోధనను వాళ్లు ఆధారం చేసుకున్నారు. డప్పు పగలగొట్టి, చావుకు కొట్టం అని తీర్మానించుకున్న పల్లెలున్నాయి. దాన్ని కళా ద్రోహం అనడం అన్యాయం. ఎవరైనా బలవంతంగా వెట్టి చేయించడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా అన్నది. కొట్టనని చెప్పగలగడం స్వేచ్ఛలో మొదటి మెట్టు.

రెండో మెట్టు 1994లో కనపడింది. ఆ ఏడాది జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ నాయకత్వంలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటే ఏంటి? పటేలు, కరణం చెప్పమన్న మాటను మాదిగ డప్పు కొట్టి ఊరంతా చాటడం. ఆ పేరునే ఉద్యమం తీసుకుంది. ఇన్నాళ్లూ వాళ్ల మాట మనం చాటాం, ఇక మన మాట మనం చాటుతాం అన్నది. డప్పు అదే, దెబ్బ అదే, కొట్టే చెయ్యి అదే. మారిందల్లా ఎవరి ఆజ్ఞ మీద కొడుతున్నామన్నది. సంగీతంలో 'స్వతంత్రం' అనే మాటకు ఇంతకన్నా సరైన అర్థం వేరే లేదు.

సభ నుంచి క్యాసెట్టుకు

తెలుగు దళిత ఉద్యమం మొదట్నుంచీ పాటను వెంటబెట్టుకునే నడిచింది. 1906లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు జనాన్ని కూడగట్టడానికి హరికథల్ని వాడుకున్నాడు. పైకులాలు భక్తికి వాడే రూపాన్ని ఆయన చైతన్యానికి వాడాడు. 1921 ప్రాంతంలో గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాడితే, కుసుమ ధర్మన్న నల్లదొరతనమూ వద్దని పాట రాశాడు. జాతీయోద్యమ గీతాల్లో గరిమెళ్ల పాట అందరికీ తెలుసు. ధర్మన్న పాట దళిత పరిశోధకులు వెతికి తీస్తేగానీ మళ్లీ బయటపడలేదు. 'కొత్త సంగీతం వెతకడం' అంటే కొన్నిసార్లు దాచిపెట్టిన పాతదాన్ని వెతకడం కూడా.

1972లో జన నాట్య మండలి పుట్టింది. గద్దర్ గొంతు, గోచీ, గొంగళి, పక్కన డప్పు. మాదిగవాడ డప్పు వేదికనెక్కి వేలమంది ముందు మోగింది. వర్గం గురించి పాడినంతగా కులం గురించి పాడలేదన్న విమర్శ దళితుల నుంచి వచ్చింది, అందులో న్యాయముంది. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత ఆ విమర్శను ఎవరూ పక్కన పెట్టలేకపోయారు. కారంచేడు మీద గద్దరూ పాట కట్టాడు. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయేనాటికి ఆయన్ను అంబేద్కరైటుగా కూడా జనం గుర్తుంచుకున్నారు.

ఈ కాలంలోనే క్యాసెట్టు వచ్చింది. గ్రామఫోను రికార్డు తీయాలంటే కంపెనీ కావాలి, పెట్టుబడి కావాలి. క్యాసెట్టుకు ఒక టేప్‌రికార్డరు చాలు. ఒకడు కొంటే పదిమంది డబ్బింగు చేసుకున్నారు. మీటింగుల దగ్గర పాటల పుస్తకంతో పాటు క్యాసెట్టూ అమ్మారు. రేడియో పాడనివ్వని పాట, సినిమా తీసుకోని పాట టీకొట్లో, హాస్టల్ గదిలో, ఆటోలో మోగింది. ఈ కొనుగోలే ఆ రోజుల్లో సపోర్టు. ఎస్సీ హాస్టల్ పిల్లవాడు మెస్సు ఖర్చులో మిగుల్చుకుని కొన్న క్యాసెట్టు మాదిగ ఇచ్చిన త్యాగానికి వారసత్వమే.

కానీ క్యాసెట్టుతో ఇంకో నష్టమూ వచ్చింది. మన పాటల మీద 'జానపదం' అనే ముద్ర పడింది. జానపదం అంటే ఎవరిదీ కాదు, కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు. త్యాగరాజ కృతికి ముద్ర ఉంటుంది, అన్నమయ్య పదానికి రాగిరేకు ఉంటుంది. మాదిగ కట్టిన పాటకు మాత్రం కర్త లేడట!

పద్మశ్రీ, పూటకూలి

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య డక్కలి కళాకారుడు. 12 మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న, మియాసాబ్ వీరగాథలు చెప్తాడు. 2021లో ఒక పెద్ద సినిమా టైటిల్ పాటకు ఆయన గొంతు వాడుకున్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాద్ శివార్లలో కట్టడం దగ్గర రోజుకూలి చేస్తున్నాడని పత్రికలు రాశాయి. నెలకొచ్చే 10 వేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన చెప్పుకున్నాడు. వార్త వచ్చాక సాయం చేస్తామని కొందరు ముందుకొచ్చారు.

2023లో వచ్చిన 'బలగం' సినిమా చివర్లో పాడిన బుడగజంగం దంపతుల్లో పస్తం మొగిలయ్య 2024 డిసెంబరులో కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. వైద్యానికి ప్రభుత్వం, సినిమావాళ్లు సాయం చేశారు. చేయలేదని మనం అనడం లేదు. మన ప్రశ్న వేరు. పాట కోట్లమందికి చేరాక కూడా పాటగాడి బతుకు ఎవరో ఒకరి దయ మీద ఎందుకు ఆధారపడాలి? మిరాశీ ఊళ్లున్న రోజుల్లో అతనికి తక్కువే దక్కినా, హక్కుగా దక్కింది. ఇప్పుడు సన్మానం దక్కుతున్నది, శాలువా దక్కుతున్నది. హక్కు మాత్రం దక్కడం లేదు.

చట్టంలో హక్కు లేదా అంటే ఉంది. దండోరా పుట్టిన 1994లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించి పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ప్రదర్శకుల హక్కు ఇచ్చారు. 2012 సవరణ పాట రాసినవాడికి, బాణీ కట్టినవాడికి రాయల్టీలో సమాన వాటా ఇచ్చింది. దాన్ని కంపెనీకి రాసిచ్చేయడానికి కూడా వీల్లేదన్నది. కానీ ఆ వాటా రావాలంటే పాట ఎవరిదో కాగితం మీద ఉండాలి. 'జానపదం' అని రాసి వదిలేసిన చోట చట్టం ఎవరికి డబ్బివ్వాలి?

తమిళ దళితులు ఈ చిక్కును ఇంకో దారిలో ఎదుర్కొన్నారు. పా. రంజిత్ నీలం సంస్థ, సంగీతకారుడు తెన్మా కలిసి కట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో చెన్నైలో మొదటి కచేరీ చేసింది. చావు ఇళ్ల దగ్గర పాడే గానాను, పఱై దెబ్బను ర్యాప్‌తో కలిపి, మార్గళి కచేరీల ఊళ్లోనే నిలబెట్టారు. 2020 నుంచి మార్గళిలోనే ప్రజాసంగీత ఉత్సవం కూడా మొదలుపెట్టారు. వేదిక వాళ్లదే, పేరు వాళ్లదే. అయినా 2021లో, ఆ బృందంలోంచి వచ్చిన అరివు రాసి పాడిన పాట దేశమంతా మోగుతుంటే, ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద అతని బొమ్మ లేదు. గొడవైతేగానీ తర్వాత వేయలేదు. పేరు తుడిచేసే అలవాటు పల్లెలోనే కాదు, పట్నంలోనూ ఉంది.

మనం చేయాల్సింది

కాబట్టి స్థానిక సంగీతాన్ని ఆదరించడం అంటే యూట్యూబులో విని లైకు కొట్టడంతో అయిపోయేది కాదు. ఛానెల్ ఎవరిదో వాళ్లకే డబ్బు పోతుంది. పాడిన పిల్లకు ఎంత ముట్టిందో అడిగేవాళ్లు లేరు. అడగాలి.

మన సంఘాలు ఏప్రిల్ 14 సభకు డప్పు బృందాన్ని పిలుస్తాయి. మైకుకు, టెంటుకు, వక్తల బండికి ముందే డబ్బు కడతాయి. డప్పు బృందానికి మాత్రం 'మనోళ్లే కదా' అని బువ్వ పెట్టి పంపుతాయి. దొర చేసిందీ అదే. ముందే మాట్లాడుకుని కూలి ఇవ్వాలి, కరపత్రంలో వక్తల పేర్ల పక్కనే వాళ్ల పేర్లూ వేయాలి.

పరిశోధక విద్యార్థులు చిందు, డక్కలి ఇళ్లకు పోయి గంటలకు గంటలు రికార్డు చేసుకొస్తున్నారు. థీసిస్ పూర్తవుతుంది, డిగ్రీ వస్తుంది. రికార్డు ఒక కాపీ ఆ ఇంటికి చేరాలి. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ తేదీన అని వాళ్ల అనుమతితో రాసిపెట్టాలి. రేపు ఏ సినిమావాడో ఆ బాణీ తీసుకుంటే అదే వాళ్ల చేతిలో సాక్ష్యం. టీచర్లు బడిలో సంగీతం అంటే సరిగమలే కాదని, సిర్ర సిటికెనపుల్ల కూడా అని చెప్పాలి. అయితే వార్షికోత్సవానికి డప్పు కొట్టే పని మాదిగ పిల్లవాడికే అప్పజెప్పకూడదు. అందరికీ నేర్పాలి, లేదా నేర్పగలిగిన పెద్దమనిషిని గురువుగా పిలిచి జీతమివ్వాలి.

2025లో తెలంగాణ ఎస్సీ వర్గీకరణ చట్టం చేసినప్పుడు డక్కలివాళ్లను అత్యంత వెనకబడిన మొదటి గ్రూపులో పెట్టారు. మాదిగలు ముప్పై ఏళ్లు డప్పు కొట్టి సాధించుకున్న న్యాయం ఇది. ఆ న్యాయం తమ పురాణం చెప్పినవాడికీ వర్తిస్తుందని మాదిగవాడలు ఒప్పుకోవాలి, మాలవాడలూ తమ ఆశ్రితుల విషయంలో ఒప్పుకోవాలి. డక్కలి పటం విప్పినప్పుడు అతన్ని వాకిట్లో కాదు, ఇంట్లో కూచోబెట్టి వినాలి. విన్నాక త్యాగం అనే మాట పక్కన పెట్టి, చేతిలో కూలి పెట్టి, పేరు అడిగి రాసుకోవాలి.