సిస్టమ్ కొనాలా? కట్టుకోవాలా?

నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే చర్చ. కొత్త డెస్క్‌టాప్ కంపెనీది కొనాలా, పార్టులు తెచ్చి నేనే బిగించుకోవాలా? "కొనేస్తే తలనొప్పి ఉండదు కదా" అని మా ఆవిడ. "ముందు అటక మీద ఆ పాత డబ్బా ఎవరికన్నా ఇచ్చెయ్ రా" అని అమ్మ. ఆ డబ్బా 2006లో నాన్న సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అదే మన సీటీసీలో, అసెంబుల్ చేయించిన సిస్టమ్. అప్పుడు నేను నాలుగో తరగతి.

అసలు మన కంప్యూటర్ మనమే కట్టుకునే వీలు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని కాస్త వెనక్కి వెళ్ళి చూశాను.

మొదట్లో అది సరదా కాదు, గత్యంతరం లేక. 1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. కిట్ సుమారు 400 డాలర్లు. అందులోని ఇంటెల్ 8080 చిప్ ఒక్కటే విడిగా కొంటే 360! తయారుచేసిన ఎడ్ రాబర్ట్స్ టోకున కొన్నాడు కాబట్టి గిట్టుబాటైంది. కొన్నవాళ్ళు ఒక్కో పార్టూ కూర్చుని టంకం పెట్టుకోవాలి. ఇంతా చేస్తే 256 బైట్ల మెమరీ, ముందువైపు స్విచ్చులు, మిణుకుమనే లైట్లు. కీబోర్డూ లేదు, తెరా లేదు. అయినా జనం ఎగబడ్డారు.

టంకం పని లేకుండా స్క్రూడ్రైవర్‌తో అయిపోయే అసెంబ్లింగ్‌కి దారి వేసింది మాత్రం, విచిత్రంగా, ఐబీఎమ్. 1981 ఆగస్టులో వచ్చిన పీసీని ఏడాదిలో ముగించాలన్న తొందరలో బయట దొరికే పార్టులే వాడారు. 5 స్లాట్లు పెట్టారు, సర్క్యూట్ వివరాలు పుస్తకంగా అచ్చేశారు. పెద్ద అడ్డంకల్లా బయాస్ మీద కాపీరైటే. ఆ కోడ్ చూడనివాళ్ళ చేత కాంపాక్ దాన్ని మళ్ళీ రాయించింది. 1984లో ఫీనిక్స్ అలాంటి బయాస్‌ని అడిగిన కంపెనీకల్లా అమ్మింది. 1987లో పీఎస్/2తో ఐబీఎమ్ తలుపు మూయబోయింది గానీ, అప్పటికే ఊరంతా లోపలికొచ్చేసింది :)

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ తెచ్చింది. బోర్డు కొలతలు, స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో అందులో ఖాయమైపోయాయి.

మొన్న ఆదివారం అటక మీది డబ్బా దించి, దుమ్ము దులిపి, ఫ్రెండ్ దగ్గరున్న ఈ కాలపు ఏటీఎక్స్ బోర్డు లోపల పెట్టి చూశాను. రంధ్రాలు సరిగ్గా కుదిరాయి!

ఇక లెక్కకొస్తే, కట్టుకుంటే చవక అన్న మాట ఇప్పుడు నమ్మడానికి లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశాం. వారంటీ కోసం కూడా ఒక్కో పార్టుకీ ఒక్కో చోటికి తిరగాలి. డబ్బు ఆదా కోసమే అయితే నేనూ కట్టుకోమనను.

కానీ నాన్న సిస్టమ్‌లో రెండుసార్లు ఎస్ఎంపీఎస్ కాలింది, ఒకసారి హార్డ్‌డిస్క్ పోయింది, ర్యామ్ 256 ఎంబీ నుంచి 1 జీబీ అయింది. ప్రతిసారీ పోయిన ముక్క ఒక్కటే మార్చారు. మొత్తం కొత్తది కొనాల్సొస్తే ఆయన జీతానికి అయ్యేది కాదు. నేను మొదటి సీ ప్రోగ్రామ్ రాసింది దాని మీదే. 2020 తర్వాతి మాక్ మినీల్లోనైతే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. మొదటిరోజు ఎంత కొంటే చివరిదాకా అంతే.

అందుకే కట్టుకుంటున్నాను. ఎస్ఎంపీఎస్ కొత్తది, బోర్డు కొత్తది, ఫ్యాన్లు కొత్తవి. క్యాబినెట్ మాత్రం నాన్నదే.

మీ అటక మీద కూడా అలాంటి డబ్బా ఉంటే, పారేసే ముందు ఓసారి విప్పి చూడండి.