సత్రం డబ్బు, సుబ్బారావు మందు



భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి లేవలేడు. 1922లో ఆయన బోస్టన్ వెళ్ళాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం చేస్తామని మాట ఇచ్చింది, మామగారు డబ్బు సమకూర్చారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. స్ప్రూకు మందు దొరికింది. మధ్యలో 23 ఏళ్ళు!

మందు దొరకని నీరసం ఇంకొకటి ఉంది. ఏళ్ళ తరబడి వదలదు. కొంచెం పని చేసినా మంచం పట్టిస్తుంది. రక్తపరీక్షలో తెలియదు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఇలాంటి జబ్బుతో రెండు వందలమందికి పైగా సిబ్బంది పడిపోయారు, ఆసుపత్రినే మూశారు. 1970లో ఇద్దరు డాక్టర్లు రోగుల్ని చూడకుండా, పాత ఫైళ్ళు చూసి హిస్టీరియా అని రాశారు. మనసు జబ్బు అన్నాక పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు? 1988లో అమెరికాలో దీనికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. నేటికీ మందు లేదు.

పాంచాలంకురిచ్చి జక్కదేవి ఉత్సవానికి చందా ఇస్తున్నాము, ఇవ్వాలి. వైద్య పరిశోధన చదివే మన పిల్లలకూ ఒక నిధి పెడదాం. అంతవరకు, లేవలేని ఇంటి ఆడబిడ్డను సోమరి అనకండి.