శ్రమదానమూ విశ్వాసమూ: కరోరీలో ఒక ప్రార్థనాలయం

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌కు పడమటి శివారు కరోరీ. అక్కడ మేరిస్టులనే కేథలిక్ సన్యాస సమాజానికి ఒక ధ్యాన విడిది ఉండేది. దాని ఆవరణలో 1958లో ఒక చిన్న ప్రార్థనాలయ నిర్మాణం మొదలైంది. దానికి ఫుటూనా అని పేరు పెట్టారు. పసిఫిక్ మహాసముద్రంలో అదే పేరుగల ద్వీపంలో 1841లో ఆ సమాజానికి చెందిన ఫ్రెంచి మతగురువు పీటర్ షనెల్ హత్యకు గురయ్యాడు. 1954లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. ఆయన స్మృతికి చిహ్నమే ఆ పేరు.

నమూనా గీసినవాడు జాన్ స్కాట్. ఆయనలో మావోరీ, యూరోపియన్ రక్తాలు రెండూ ఉన్నాయి. మావోరీల సభాగృహంలో పైకప్పు భారాన్ని మోసే నడిమి స్తంభాన్ని ఆయన క్రైస్తవ ఆలయం మధ్యకు తెచ్చి నిలిపాడు. శిల్పి జిమ్ ఆలెన్ కొయ్యలో క్రీస్తు మూర్తిని చెక్కాడు. రంగుల కిటికీలనూ ఆయనే రూపొందించాడు. అయితే ఆ భవనాన్ని కట్టింది గుత్తేదారు పెట్టిన కూలీలు కాదు, సమాజంలోని బ్రదర్లు. వారిలో అధికులకు నిర్మాణం వృత్తి కాదు. వారి శ్రమతోనే 1961లో ఆలయం పూర్తయింది. 1968లో దానికి న్యూజిలాండ్ వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణపతకం లభించింది.

పనిని ప్రార్థనతో సమానంగా చూడడం క్రైస్తవంలో కొత్త కాదు. మార్కు సువార్తలో యేసును వడ్లవాడని చెప్పే చోట ఉన్న గ్రీకు మాట ‘టెక్టోన్’. కొయ్యపనివాడనే కాక ఇళ్ళు కట్టే పనివాడనే అర్థం కూడా దానికి ఉంది. పౌలు డేరాలు కుట్టి బతికాడు. ఆరవ శతాబ్దపు బెనెడిక్టు తన మఠ నియమావళిలో ప్రార్థనతోపాటు శారీరక శ్రమకూ వేళలు కేటాయించాడు.

తెలుగునాట క్రైస్తవ నిర్మాణమనగానే గుర్తుకు వచ్చేది మెదక్ చర్చి. మొదటి ప్రపంచయుద్ధ కాలపు కరవులో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ పని చేపట్టి పేదలకు ఉపాధి కల్పించాడు. 1924 డిసెంబరు 25న ఆ చర్చికి ప్రతిష్ఠ జరిగింది. అక్కడ కట్టడం కూలివారికి అన్నం పెట్టింది. కరోరీలో కట్టినవారే తమ శ్రమను ధారపోశారు. ఆకలితో ఉన్నవాడిని ఉచితంగా పనిచేయమనడం దానం కాదు, దోపిడి. శ్రమను దానం చేయగలిగేది పూట గడవడానికి ఆ కూలిపై ఆధారపడనివాడే.

సన్యాసికి ఆ వెసులుబాటు అతని వ్రతమే ఇస్తుంది. గృహస్థుకు అది సాధారణంగా ఉద్యోగ విరమణతోనే వస్తుంది. మన సంప్రదాయం ఆ దశకు వానప్రస్థమని పేరు పెట్టి అడవి దారి చూపింది. ఇరవయ్యో శతాబ్దపు క్రైస్తవంలో కొందరికి ఆ దారి కట్టుబడి స్థలానికి పోయింది. వారిలో లోకమంతా ఎరిగినవాడు జిమ్మీ కార్టర్. 1981లో అమెరికా అధ్యక్ష పదవి దిగినప్పుడు సిబ్బంది ఆయనకు వడ్రంగి పనిముట్లు కానుకగా ఇచ్చారు. 1984లో ఆయన న్యూయార్క్‌లో ఒక పాడుబడిన భవనాన్ని బాగుచేయడానికి సుత్తి పట్టుకుని దిగాడు. 2006లో మన పొరుగున మహారాష్ట్రలోని లోణావళా దగ్గరా ఇళ్ళు కట్టాడు. 2019లో, తొంభై అయిదేళ్ళ వయసులో, కిందపడి నుదుటికి పద్నాలుగు కుట్లు పడినా వెంటనే నాష్‌విల్‌లో నిర్మాణ కార్యక్రమానికి హాజరయ్యాడు.

ఆయన పనిచేసింది హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థతో. మిలర్డ్, లిండా ఫుల్లర్ దంపతులు దానిని 1976లో జార్జియా రాష్ట్రంలో స్థాపించారు. న్యూజిలాండ్‌లో అది 1993 నుంచి ఉంది. పేదవాని దగ్గర వడ్డీ తీసుకోరాదన్న నిర్గమకాండపు నియమాన్ని అనుసరించి ఫుల్లర్ దంపతులు లాభమూ వడ్డీ లేని వాయిదాలపై ఇల్లిచ్చే పద్ధతి పెట్టారు. ఇల్లు పొందే కుటుంబమూ నిర్ణీత గంటలు పనిచేయాలి. అందువల్ల ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న ఎత్తుపల్లాలు కొంత తగ్గుతాయి. విశ్రాంత వడ్రంగీ, ఇల్లులేని తల్లీ ఒకే గోడకు చెరోవైపు నిలబడతారు.

కరోరీ కథ మాత్రం 1961తో ముగియలేదు. 2000లో సమాజం ఆ స్థలాన్ని అమ్మేసింది. ధ్యాన విడిదిని కూల్చి చుట్టూ ఇళ్ళు కట్టారు. ఆ గందరగోళ కాలంలోనే క్రీస్తు మూర్తి దొంగల పాలై, 2012లో తిరిగి దొరికింది. ఆలయం కూడా పోయేదే. దానిని కాపాడాలనుకున్న పౌరులు ట్రస్టుగా ఏర్పడి చేజిక్కించుకున్నారు.

దానంగా ఇచ్చిన శ్రమ ఎవరి సొత్తు? దస్తావేజు ప్రకారం భూమి యజమానిదే. బ్రదర్లు తమ గంటలకు బిల్లు వేయలేదు కాబట్టి అమ్మకపు పత్రంలో వాటికి వెల లేదు. అయినా, కట్టిన సమాజమే వదులుకున్న ఆలయాన్ని దానితో నిమిత్తంలేని ఊరివాళ్ళు వదులుకోలేకపోయారు. శ్రమదానం చేసేవారు ఎరిగి ఉండవలసిన సత్యం ఇది: కట్టడం తమ చేతుల్లోనూ, ఒక్కొక్కసారి తమ మతం చేతుల్లోనూ కూడా మిగలదు. అలా మిగలదని తెలిసీ గోడ తిన్నగా కట్టడమే ఆ దానానికి పరీక్ష.