రేకుకు కచ్చా కుట్టు

నందిని పేరు చెప్పగానే భిలాయి తెలుగువారికి రెండు గుర్తుకొస్తాయి: సున్నపురాయి గనులు, ఉక్కు కర్మాగారం వారి విమానాల స్ట్రిప్పు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దానికి కావలసిన రాయి ఈ నందినిదే. ఉత్తరాంధ్ర నుంచి విజయనగరం - రాయపూర్ లైను పట్టుకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలెన్నో. ఈ వ్యాసం మాత్రం రాయి గురించి కాదు, రేకు గురించి.

ఆ దారిలో బస్సులకు, గని బండ్లకు బాడీ పని చేసే ఒక షెడ్డుంది. రేకును ఫ్రేముకు ఆనించి, ఒక మనిషి భుజంతో అదిమి పట్టుకుంటాడు, ఇంకొకడు ఈ చివర నుంచి రివిట్లు కొట్టుకుంటూ పోతాడు. ఆ చివరికొచ్చేసరికి రేకులో బొక్క ఒకచోట, ఫ్రేములో బొక్క ఇంకొకచోట! మళ్ళీ డ్రిల్లు పెట్టి బొక్క పెద్దది చేస్తారు. ఆ వదులు రివిట్టే రెండేళ్ళలో గలగలలాడుతుంది, వాన నీరు లోపలికి పోతుంది. తప్పు మేస్త్రీది కాదు. కొట్టిన ప్రతి రివిట్టూ బొక్కలో ఉబ్బి, రేకును వెంట్రుకవాసి జరుపుతుంది. ఆ జరుగుడంతా చివర్లో పోగవుతుంది.

దర్జీ ఏం చేస్తాడు? ముందు కచ్చా కుట్టు వేసి, ఆ తర్వాతే మిషను కుట్టు వేస్తాడు. విమానాల షాపులో ఆ కచ్చా కుట్టే క్లెకో. క్లీవ్‌లాండ్ న్యూమాటిక్ టూల్ కంపెనీ పేరు నుంచి వచ్చిన మాట అది. బ్రిటిష్ పద్ధతి షాపుల్లో స్కిన్ పిన్ అంటారు. ఎయిర్‌ఫ్రేమ్ ట్రేడు మిత్రులకు కొత్త కాదు గానీ, మిగతావారి కోసం చెబుతాను. వేలెడంత గొట్టం, లోపల స్ప్రింగు, కొసన చిన్న కొక్కేల్లాంటి రెండు పుల్లలు, వాటి మధ్య ఒక పలక. ప్లయర్‌తో నొక్కితే పుల్లలు ముందుకు సాగి దగ్గరవుతాయి, బొక్కలో దూరుతాయి. వదిలితే స్ప్రింగు వెనక్కు లాగుతుంది, పలక మీద పుల్లలు విడిపోయి రేకు వెనక పట్టుకుంటాయి. వెనకవైపు మనిషి అక్కర్లేదు. అసలు గొప్ప అదే! నట్టుబోల్టుకు రెండు వైపులా చేతులు కావాలి. సైజుకో రంగు కూడా ఉంది: 3/32 అంగుళానికి వెండి, 1/8కి రాగి, 5/32కి నలుపు, 3/16కి ఇత్తడి.

మన దేశంలో ఈ రేకు విద్య పెరిగిన చోటు బెంగళూరు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించారు. అమెరికన్ విలియం పాలీ తోడు వచ్చాడు. 1943లో అమెరికా సైనిక విమాన దళం దాన్ని తన చేతిలోకి తీసుకుని విమానాల మరమ్మతు డిపోగా నడిపింది. అమెరికన్ పనిముట్లూ పని పద్ధతులూ మనవాళ్ళ చేతికి అలవాటైన కాలమది.

యుద్ధం అయ్యాక తమాషా చూడండి. బ్రిటిష్ వాళ్ళు కాన్పూరులో లిబరేటర్ బాంబర్లను మళ్ళీ ఎగరకుండా పాడు చేసి పారేసి పోయారు. బెంగళూరు మనుషులు వాటిలో నుంచి నలభై దాకా లేపి, బెంగళూరుకు ఎగరేసుకుపోయి పూర్తిగా బాగుచేశారు. 1948లో 5వ స్క్వాడ్రన్ వాటితోనే ఏర్పడింది. 1968 దాకా అవి మన వాయుసేనలో పనిచేశాయి. చితికిన రేకు ఊడదీసి కొత్తది వేయకుండా అది సాధ్యమా?

అదే కర్మాగారం 1940ల చివర్లో విమానాల పని తగ్గినప్పుడు పూర్తి లోహపు రైలు పెట్టెలు, బస్సు బాడీలు కట్టింది. విమానపు రేకు విద్య నేల మీద బండ్లకు దిగింది ఇక్కడే. 1964లో ఆ రైలు పెట్టెల విభాగంతోనే భారత్ ఎర్త్ మూవర్స్ పుట్టింది. డంపర్ల వల్ల గనుల్లో పనిచేసేవారికి ఆ పేరు బాగా తెలుసు.

మరి పెద్ద ఫ్యాక్టరీ దాకా వచ్చిన పిన్ను రోడ్డు పక్క షెడ్డుకు ఎందుకు రాలేదు? నా మటుకు, ధర ఒక్కటే కారణం కాదు, చూపించిన వాళ్ళు లేరు. పెన్షన్ తీసుకుని సెక్యూరిటీ ఉద్యోగాల్లో చేరిపోయాం గానీ, ఏ మేస్త్రీ పక్కన కూర్చున్నాం?

ఆ షెడ్డులో పాతిక పిన్నులు, ఒక ప్లయర్‌తో ఒక పూట చూపించాం. ముందు రేకు మధ్యలో ఒకటి, అక్కణ్ణుంచి రెండు వైపులా మూడు నాలుగు బొక్కలకొకటి చొప్పున పెట్టాలి. డ్రిల్లు పూర్తయ్యాక అన్నీ తీసి, రేకుల మధ్య ఇరుక్కున్న పొట్టు దులిపి, అంచులు గీకి, మళ్ళీ పెట్టాలి. ఇది దాటేస్తే పిన్నులున్నా లాభం లేదు. అప్పుడు ఖాళీ బొక్కల్లో రివిట్లు వేసి, చివర్న ఒక్కో పిన్నూ తీసి ఆ చోట కొట్టాలి. వెల్డింగు అయితే పిన్నుల మధ్య టాకాలు వేసుకుంటూ పోయి, పిన్ను బొక్కలు ఆఖరున పూడ్చాలి. మేస్త్రీ ఒక పిన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకాలం మీరంతా ఎక్కడున్నారు సార్?" అన్నాడు. స్ప్రింగు వదులైన నాలుగు పిన్నులు ఏరి పక్కన పెట్టి, మిగతావి మాకు తిరిగివ్వలేదు.