క్రైస్తవ ప్రాచీన గ్రంథములందలి అరామిక ఉపనామములు

హైదరాబాదు పాతనగరమునకు మూసీనదిమీదుగా బోవు త్రోవలలో నయాపూల్ ఒకటి. అఫ్జలుద్దౌలా ప్రభుత్వకాలమున (1857-1869) కట్టబడిన యీ వంతెన 1908వ సంవత్సరపు పెనువరదను జూచినది. నూటయేబది యేండ్లు దాటినను దాని పేరు మాత్రము ‘కొత్తవంతెన’యే. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెనకు పురానాపూల్ అని పేరు. కొత్తది రానంతకాలము దానిని పాతదనుటకు హేతువు లేదుగదా! ఒకజాతి వస్తువులు రెండైనప్పుడే వేరుపరచు విశేషణము కావలసివచ్చును. ఉపనామముల పుట్టుక యంతయు నీ చిన్నమాటలో నున్నది.

క్రైస్తవుల సువార్తలు గ్రీకుభాషలో వ్రాయబడినవి. కాని యందలి జనులు ఇంట, వీథిని మాటలాడినది అరామిక భాష. పండ్రెండుగురు శిష్యులలో సీమోనులు ఇద్దరు, యాకోబులు ఇద్దరు, యూదాలు ఇద్దరు. ఇక మరియలు పెక్కుమంది. ఒక్కపేరు పిలిచిన నిద్దరు పలుకుచోట రెండవపేరు పుట్టక తప్పదు.

ఆ రెండవపేళ్లలో ననేకములు తండ్రిపేరుతో నేర్పడినవి. అరామికమున ‘బర్’ అనగా కుమారుడు. హీబ్రూలోని ‘బెన్’, అరబ్బీలోని ‘ఇబ్న్’ దీనికి జ్ఞాతులు. మన నగరమునందే బార్కసు పేటలో హద్రమౌతు నుండి వచ్చిన సైనికుల సంతతివారి పేళ్లలో ‘బిన్’ అను మాట నేటికిని వినవచ్చును. బర్‌యోనా యనగా యోనా కుమారుడు. బర్తొలొమయి యనగా తొల్మయి కుమారుడు. బరబ్బ యనగా ‘అబ్బ’ కుమారుడు, అనగా తండ్రి కుమారుడు.

అయినను వీనిని మన యింటిపేళ్లవంటివని తలంపరాదు. కందుకూరి, గురజాడ యనునవి ఊళ్ల పేళ్లు. అవి తాతనుండి మనుమనికి మారక దిగివచ్చును. యోనా కుమారుడైన సీమోను బర్‌యోనా. సీమోనుకు గొడుకు పుట్టిన వాడు బర్‌యోనా కాడు, బర్‌షిమోను. తరము మారిన పేరును మారును. ఒక పురుషుని గురుతించుటకే గాని వంశమును మోయుటకు గాదు.

గ్రీకు చదువరులకు ఈ ‘బర్’ తెలియదు. అందుచేత మార్కు సువార్తలో నొక గ్రుడ్డివానిని తీమయి కుమారుడగు బర్తిమయి యని చెప్పవలసివచ్చెను. కుమారుడన్నమాట రెండుమారులు వచ్చినది. మనము ‘నయాపూల్ వంతెన’ యనుటయు నిట్టిదే. ‘పూల్’ అన్నను వంతెనయే కదా!

అర్థమెరుగకుండుటవలన అనర్థమును గలుగును. సీమోనులలో రెండవవానికి ‘కనాన’ అని బిరుదు. ఈ యరామిక పదమునకు ఆసక్తితో మండువాడని యర్థము. లూకా దీనిని గ్రీకులోనికి సరిగా మార్చి ‘జెలోతే’ యనెను. మత్తయి, మార్కులు ధ్వనిని మాత్రము నిలుపుకొనిరి. తరువాతివారు ఆ ధ్వనిని కనాను దేశపు పేరుగా భ్రమించిరి. చిరకాలముగ వాడుకలోనున్న తెలుగు బైబిలునందును నాతడు కనానీయుడే యయ్యెను. ఒక్క యక్షరపుంగూర్పును అపార్థము చేసికొనుటచే స్వజనుడు పరజాతివాడైనాడు! పేరు చూచి మనుష్యుని జాతి నిర్ణయించువా రీ యుదాహరణమును మరువరాదు.

మరికొన్ని పేళ్లు గుణమును, రూపమును దెలుపును. కేఫా యనగా బండరాయి. దాని గ్రీకు రూపమే పేతురు. తోమా యనగా కవలవాడు. అందుకే యోహాను సువార్త యాతనిని అదే యర్థముగల దిదుమ యను గ్రీకు పేరుతోను జెప్పుచున్నది. స్త్రీలలో నొకతెను యాకోబు తల్లియని కొడుకు పేరుతో జెప్పిరి. మగ్దలేనే మరియను మాత్రము మగని పేరుతోగాని కొడుకు పేరుతోగాని చెప్పలేదు. మగ్దల యను తన యూరి పేరే యామెకు గురుతు. పెండ్లితో నింటిపేరు మార్చుకొను మన సోదరీమణులకు ఇది యాలోచింపదగిన విషయము.

వీని యన్నిటిలో బర్నబా పేరు విశేషమైనది. ఈతని యసలుపేరు యోసేపు. కుప్రద్వీపమున బుట్టిన లేవీయుడు. లేవీయులనగా యూదులలో దేవాలయసేవకు నియమింపబడిన వంశమువారు. అట్టివంశము గలిగియు నాతడు దానితో బ్రసిద్ధుడు కాలేదు. తన పొలమునమ్మి ఆ సొమ్మును సంఘమునకిచ్చెను. సహచరులు పెట్టిన బర్నబా యను పేరే లోకమున నిలిచెను. దానికి ఆదరణ పుత్రుడని అపొస్తలుల కార్యముల గ్రంథము అర్థము చెప్పుచున్నది.

మనలో నింటిపేరడుగుట యనేకపర్యాయములు కులమడుగుటకు మర్యాదయైన మారుపేరు. క్రొత్తవాడు గడపద్రొక్కగానే ఆ ప్రశ్న వేసి, జవాబునుబట్టి పీటయో నేలయో చూపువారు నేటికిని లేకపోలేదు. ఒకనిని మరియొకనినుండి గురుతించుటకు బుట్టిన సాధనము, ఒకనిని మరియొకనినుండి దూరముచేయుటకు బనికివచ్చుచున్నది. వంతెన కొత్తదా పాతదా యని పేరు చెప్పును. అది మనుష్యులను దాటించునా లేదా యన్నది మాత్రము నడిచి చూచిననే తెలియును. తండ్రి యిచ్చిన పేరు మనకు దొరికినది. తోడివారు మనకు పెట్టదగిన పేరును మనమే సంపాదించుకొనవలయును.