ధాత కరువు ఛాయాచిత్రాలు: చట్రంలోకి రానివి

1876లో వానలు విఫలమై మద్రాసు రాజధానిలో చెలరేగిన ధాత కరువు దత్తమండల జిల్లాలైన బళ్లారి, కర్నూలు, కడపలను మిక్కిలి పీడించింది. ఆనాటి బాధితుల రూపాలు నేటికీ కనిపించడానికి ప్రధాన కారకుడు మద్రాసు సైన్యాధికారి విల్లోబీ వాలెస్ హూపర్. ఎముకలగూళ్లైన మనుషులు ఆయన చిత్రాలలో గుంపుగా కూర్చుని, నిలిచి ఉంటారు. నాటి కెమెరా ముందు కొన్ని క్షణాలైనా కదలకుండా ఉండాలి. కనుక ఇవి తటస్థించిన దృశ్యాలు కావు, కూర్చినవి.

వీటి ఆధారంగా చెక్కిన అచ్చుబొమ్మలు 1877లో లండన్ సచిత్ర పత్రికలకెక్కాయి. మాన్షన్ హౌస్ నిధికి విరాళాలు పోగవుతున్న కాలమది. బొమ్మ తీసినవాడు అన్నం పెట్టాడా అని విమర్శకులు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. బర్మాలో మరణశిక్షల అమలును ఫొటో తీసినందుకు 1886లో ఆయన విచారణను ఎదుర్కొనడం దానికి మరింత బలమిచ్చింది.

అయితే చూపంతా హూపర్‌పైనే నిలిపితే పాలకులు తప్పుకుంటారు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయక పనులలోని కూలీ దినభత్యపు ధాన్యాన్ని ఒక పౌనుకు కుదించాడు. అది ప్రాణాలు నిలుపదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదిరించాడు. ఆ కొలత గానీ, ఆ వివాదం గానీ ఏ గాజుపలక మీదా పడలేదు.

బొమ్మలలోని వారికి పేర్లూ లేవు, ఊళ్లూ లేవు. మద్రాసు శిబిరవాసులన్న శీర్షిక ఉన్న చిత్రానికి కర్నూలు పేరు తగిలించడం తగదు. ఆ జిల్లాల గతి తెలియాలంటే ప్రభుత్వ నివేదికలనూ, 1878లో డిగ్బీ వెలువరించిన రెండు సంపుటాల క్షామచరిత్రనూ వీటి పక్కన ఉంచి చదవాలి.